కనిపించని పిట్టకి మాత్రలు

కూత వినిపిస్తే పిట్ట పేరు చెప్పేసే ఫోన్లు రాకముందు, మా కొండల్లో పిట్టల కోసం తిరిగేవాళ్ళ దగ్గర మూడే సామాన్లు ఉండేవి. చొక్కా జేబులో పట్టే నోటు పుస్తకం, బ్లేడుతో చెక్కిన పెన్సిలు ముక్క, పదిమందికీ కలిపి ఒక్క బైనాక్యులర్. సలీం అలీ 1941లో తెచ్చిన పిట్టల పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే, అది చేతులు మారి మారి అట్ట ఊడిపోయేది. పార్వతీపురంలో గుమ్మలక్ష్మీపురం వైపు తెల్లారగట్ల బస్సు ఎక్కేవాళ్ళలో కొందరు జాబితా కోసం వెళ్ళేవాళ్ళు, కొందరు పద్యం కోసం. ఎవరు దేనికి వెళ్ళారో తిరుగు బస్సులో పుస్తకాలు తెరిస్తే తెలిసిపోయేది. జాబితావాళ్ళ పేజీల నిండా పేర్లు. పద్యంవాళ్ళ పేజీల నిండా చుక్కలూ గీతలూ. ఆ చుక్కలూ గీతల పద్ధతి ఇప్పుడు దాదాపు ఎవరూ పాటించడం లేదు. అందుకే రాసిపెట్టడం.

ఈ మధ్య అడవి అంటే చాలు వర్షారణ్యం అనేస్తున్నారు. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లు దాటే వాన, ఎప్పుడూ ఆకు దులపని చెట్లు, అంతస్తు మీద అంతస్తుగా కమ్ముకున్న కొమ్మలు ఉంటేనే అది వర్షారణ్యం. మన దేశంలో అలాంటివి పడమటి కనుమల్లో, ఈశాన్యంలో, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి పడేది 1100 మిల్లీమీటర్ల పైచిలుకు. గుగ్గిలం, మద్ది, ఇప్ప, బూరుగ, వెదురు పెరిగే మా అడవి ఎండాకాలం ఆకు రాలుస్తుంది. కాని గెడ్డల (కొండవాగుల) వెంబడి, మందసకి ఎగువన 1501 మీటర్ల మహేంద్రగిరి లోయల్లో, నేల మీద ఎండ పడని చోట్ల ఏడాదంతా పచ్చగా ఉండే ముక్కలున్నాయి. ఆ ముక్కల్లో పిట్టల నడవడి అచ్చంగా వానఅడవి నడవడే. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఈశాన్య రాష్ట్రాల నుంచి మలేసియా దాకా తేమ అడవుల్లో బతికే ఎబట్స్ బాబ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్ట, మధ్యలో ఎన్నో వందల కిలోమీటర్లు వదిలేసి, విశాఖ మన్యంలో విడిగా ఉంది. మన వైపు ఉన్న దాన్ని 1985లో ఉపజాతిగా గుర్తించి, విశాఖపట్నం పక్షి పరిశోధకుడు కృష్ణరాజు పేరు పెట్టారు. నేలబారు పొదల్లోనే తిరుగుతుంది. కంటికి చిక్కడం కష్టం. మూడు నాలుగు నిండైన ఈలలు మాత్రం చక్కగా వినిపిస్తాయి.

మొత్తం కిటుకు ఇక్కడే ఉంది. మైదానంలో పిట్టని చూసి, తర్వాత వింటాం. అడవిలో విన్న పదింటిలో రెండు కనిపిస్తే గొప్ప. కాబట్టి అడవి నుంచి వచ్చే పద్యానికి ముడిసరుకు రంగు కాదు, కూత. రెక్కల రంగులు వర్ణిస్తూ రాసిన అడవి పద్యాల్లో చాలా మటుకు పుస్తకంలో బొమ్మ చూసి రాసినవే.

కూతల తీరు చోటుని బట్టి మారుతుంది, దానికి కారణం కూడా ఉంది. దట్టమైన ఆకులు పలుచటి, వేగమైన ధ్వనిని చెదరగొట్టేస్తాయి. కొంత దూరం పోయేసరికి అది గజిబిజి అయిపోతుంది. తగ్గుస్థాయిలో నిదానంగా సాగే ఈల మాత్రం చెట్ల మధ్య నుంచి దూరం పోతుంది. అందుకే అడవి నేల మీద బతికే పిట్టలు పొడుగాటి ఈలలు వేస్తాయి. బయట చేలల్లో ఆకాశానికి ఎగురుతూ పాడే బురుత పిట్ట మాత్రం గుక్క తిప్పుకోకుండా గబగబా పాడేస్తుంది, దానికి అడ్డం ఏదీ లేదు కదా. చేను ద్రుతకాలం, అడవి విళంబం. నడి అడవి గురించి పరుగులెత్తే పాదంతో రాస్తే చెవికి ఎందుకో అతకదు. కారణం ఇదే.

పుస్తకంలో రాసే తీరు ఇలా ఉండేది. ముందు పిట్ట పేరు కోసం తాపత్రయపడకూడదు. ఒక చోట కూర్చుని, వచ్చిన మనుషుల అలికిడి సర్దుకోవడానికి పదిహేను ఇరవై నిమిషాలు వదిలేస్తారు. తర్వాత ఒక్క కూతనే పట్టుకుంటారు. పొట్టి స్వరానికి చుక్క, పొడుగు దానికి గీత. పైకి లేస్తే గీత కొస పైకి, దిగితే కిందికి. రెండు కూతల మధ్య ఖాళీని వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి అంకె వేస్తారు. పక్కన వేళ, మబ్బో ఎండో, కూత ఎంత ఎత్తు నుంచి వస్తోందో రాస్తారు. ఎత్తుకి నాలుగే గుర్తులు: నేల, పొద, నడుమ, చిటారు. ఒక్క పిట్టకి అరగంట. దాని తర్వాతే ఇంకోటి. పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు ఇలా నాలుగు కూతలు పట్టగలిగితే ఆ రోజుకి చాలు. తొమ్మిది దాటితే పిట్టలు నెమ్మదిస్తాయి. మే నెలలో కీచురాళ్ళ రొద ఎక్కువయ్యాక చెవికి పని దాదాపు ఉండదు.

పెన్సిలే ఎందుకంటే తేమ కాగితం మీద బాల్‌పెన్ను జారిపోతుంది, సిరా పాకిపోతుంది. పెన్సిలు గీత వానలో తడిసినా నిలుస్తుంది. పుస్తకాన్ని పాలిథీన్ సంచిలో పెట్టి మూతి బిగిస్తే లోపల చెమట పట్టి పేజీలు అంటుకుంటాయి. మూతి వదులుగా ఉంచాలి.

ఇంటికొచ్చాక చుక్కకి లఘువు, గీతకి గురువు అనుకుని చూస్తే చిత్రమైన సంగతులు బయటపడతాయి. కోయిల కుహూ అంటే ఒక లఘువు మీద ఒక గురువు. లగం, మూడు మాత్రలు. ఒక్కో కూతకీ స్థాయి ఒక్కో మెట్టు ఎక్కి, ఏడో ఎనిమిదో అయ్యాక హఠాత్తుగా ఆగిపోతుంది. ఎండాకాలం రాత్రీ పగలూ నిద్రపోనివ్వని పపీహాకి మూడు స్వరాలు, మధ్యది ఊది పలుకుతుంది. పేరులోనే దాని గణం ఉంది: లఘువు, రెండు గురువులు, య గణం. అదీ కోయిల లాగే పైకి పైకి పోయి గొంతు తెగినట్టు ఆగి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎత్తుకుంటుంది. దానికి చుట్టం లాంటి ఇంకో కోకిల జాతి పిట్ట చిటారు కొమ్మ నుంచి నాలుగు దీర్ఘాలు పలుకుతుంది, ఆఖరిది దిగువ స్థాయిలో. చతురశ్రం లెక్కన తాళం వేయవచ్చు. కంసాలి పిట్టది మరీ సూటి. నిమిషానికి వందకి పైగా, హెచ్చు తగ్గులు లేకుండా, సన్న సుత్తితో రాగి మీద కొట్టినట్టు ఒకటే దెబ్బ. పేరు పెట్టినవాడు చెవి ఉన్నవాడు. కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి ఒక కూత దగ్గరగా, ఒకటి దూరంగా వినిపించి రెండు పిట్టలేమో అని భ్రమపెడుతుంది. రాత్రి కూతల్లో అడవి పైడికంటె చిన్నగా మొదలెట్టి క్రమంగా వేగం పెంచి, చివర్లో తగ్గిపోతుంది. రాత్రిళ్ళు పురుగుల కోసం ఎగిరే ఇంకో పిట్ట ఉంది, దాని కూత గచ్చు మీద వదిలిన గోలీ ఎగిరెగిరి ఆగినట్టు ఉంటుంది.

ఈ మూడు మాత్రల, నాలుగు మాత్రల లెక్క మా వాళ్ళకి కొత్త కాదు. విజయనగరంలో గురజాడ ముత్యాలసరాన్ని నడిపించింది మూడు, నాలుగు కలిసిన నడక మీదే. 1910 నాటి ఆ పాదం ఎవరికి రాదు? ‘ఆకులందున అణగిమణగీ కవిత కోవిల పలకవలెనోయ్.’ దేశభక్తి సంగతి అలా ఉంచి ఆ ముక్కని పిట్టల పుస్తకంలో నమోదు లాగా చదివి చూడండి. కోయిల ఎక్కడుంది? ఆకుల చాటున. ఎలా ఉంది? అణగిమణగి. ఏం చేస్తోంది? పలుకుతోంది. నల్లటి మగ కోయిల నిండు మామిడి గుబురులో కదలకుండా కూర్చుని కూసే తీరు ఇంతకంటే కచ్చితంగా చెప్పలేం. చూసినవాడు రాసినట్టుంది.

గీతల పేజీ నుంచి పద్యానికి వెళ్ళడం ఎలాగో ఒక మచ్చు. వాన వెలిసిన గెడ్డ ఒడ్డు, కూత చోటు మారుతోంది, పిట్ట కనబడదు. పేజీలో ఉన్నది అంతే. మూడు, నాలుగు లెక్కన కడితే:

కొమ్మ కొమ్మకు కూత మారెను
ఆకు కదిలిన చోట చూస్తే
గాలి తప్పా పిట్ట లేదే
చెవులు మాత్రం తడిసెనే

గొప్ప పద్యమేం కాదు. కాని పేజీలో లేనిది ఒక్కటీ ఇందులో లేదు. రంగు లేదు, పేరు లేదు, వసంతం లేదు. మొదటి ముసాయిదాలో ‘పచ్చని’ అనో ‘తీయని’ అనో విశేషణం దూరితే వెనక్కి వెళ్ళి పేజీ చూడమనేవారు. అక్కడ లేకపోతే కొట్టేయమనేవారు.

ఇక కవిసమయాల తగువు ఉండనే ఉంది. చకోరం వెన్నెల తాగుతుందని తరతరాలుగా రాశాం. అది హిమాలయాల వైపు రాళ్ళ గుట్టల్లో తిరిగే కౌజు జాతి పిట్ట, తెలుగు నేల మీద లేదు. చక్రవాకం అలా కాదు. లడఖ్ లాంటి ఎత్తు చోట్ల, మధ్య ఆసియాలో పిల్లల్ని పెంచి చలికాలం మన వైపు దిగుతుంది. ఇచ్ఛాపురం దాటి చిలికా సరస్సుకి వెళ్తే నారింజరంగు జక్కవలు కనిపిస్తాయి. రాత్రి జంట విడిపోతుందన్న కథకి కూడా ఆధారం లేకపోలేదు. రాత్రిళ్ళు మేతకి చెదిరి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. చాతకం వాన ముందు వస్తుందన్నది చాలా మటుకు నిజమే, ఉత్తరాదిలో అది ఆఫ్రికా నుంచి నైరుతి గాలులతో పాటు వస్తుంది. నోరు తెరిచి చినుకు కోసం చూడటం మాత్రం మనం కల్పించింది. ఇక కోయిలని నడి అడవిలో కూయించడం అన్నిటికంటే మామూలు పొరపాటు. కాకి గూళ్ళున్న చోటే కోయిలకి పని. కాకులు ఉండేది ఊళ్ళోనూ, తోపుల్లోనూ. గుమ్మలక్ష్మీపురం ఎగువన దట్టమైన చోట వినిపించేది కోయిల కాదు, ‘కుట్రూ కుట్రూ’ అని పొద్దంతా అరిచే పచ్చటి బార్బెట్, కంసాలి పిట్టకి చుట్టం. పద్యంలోకి రాని పిట్ట అది, ఆ కొండ గొంతు మాత్రం దానిదే.

వంగపండు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నిఘంటువు తెరిస్తే వంగపండు అంటే ఒక పిట్ట: పసుపు ఒళ్ళు, కంటి మీదుగా నల్ల చార, పిల్లనగ్రోవి లాంటి ఈల. పార్వతీపురం దగ్గర పుట్టిన వంగపండు ప్రసాదరావు పాట విన్నవాళ్ళకి ఆ ఇంటిపేరు గురించి వేరే చెప్పక్కర్లేదు. 1836లో మద్రాసులో దిగి, అప్పుడు చికాకోల్‌తో (శ్రీకాకుళంతో) కలిసి ఉన్న గంజాం జిల్లాలో సైనిక వైద్యుడిగా పనిచేసిన జెర్డన్, 1862లో మొదలుపెట్టి అచ్చేసిన పక్షుల గ్రంథంలో ఇలాంటి తెలుగు పేర్లు బోలెడు దాచాడు. పొన్నంకి పిట్ట అలాంటిదే. తొమ్మిది రంగులది, నేల మీద ఆకులు చెదరగొడుతూ పురుగులేరుకుంటుంది, పొద్దున్నా సాయంత్రం రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళంలో దాన్ని ఆరుగంటల పిట్ట అంటారు.

చూసే పని గురించి కొంచెం. బైనాక్యులర్ అడవికైతే 8x42 చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. పది రెట్లది కొంటే చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది, కనిపించే మేర చిన్నదవుతుంది. పైగా వెలుతురు లెక్క ఉంది: 42ని 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, 10తో భాగిస్తే 4.2. కంటిలోకి వచ్చే వెలుగు కడ్డీ వెడల్పు అది. చెట్ల నీడలో ఆ తేడా బాగా తెలుస్తుంది. కొన్న రోజే సరిచేసుకోవాలి. కుడి కన్ను మూసి ఎడమ కంటితో నడిమి చక్రం తిప్పి దూరపు ఆకు స్పష్టం చేసుకోవాలి, తర్వాత ఎడమ కన్ను మూసి కుడి కంటిగొట్టం దగ్గర రింగు తిప్పి అదే ఆకు చూడాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటికప్పులు కిందికి మడుచుకోవాలి. పిట్ట కనబడగానే తల దించి బైనాక్యులర్ వెతుక్కుంటే పిట్ట పోయినట్టే. చూపు పిట్ట మీదే ఉంచి చేతుల్ని కంటి దగ్గరికి తేవాలి. వానాకాలం అద్దం లోపల బూజు పడితే ఇంట్లో తీయడం కుదరదు. మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడితే రాదు. పొట్లాలు తేమ పీల్చాక మళ్ళీ ఆరబెట్టుకోవాలి.

నిలబడే చోటు సామాను కంటే ముఖ్యం. చెట్టు కింద నిలబడి తలెత్తి చూస్తే అన్నీ ఆకాశం మీద నల్ల మచ్చలే, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఘాట్ రోడ్డు వంపులో నిలబడితే లోయలో చెట్ల తలలు కంటి ఎత్తుకి వస్తాయి. సూర్యుడు వీపు వెనక ఉండాలి. జనవరి నుంచి మార్చి దాకా పూసిన బూరుగ చెట్టు ఒకటి దొరికితే ఇక కదలనక్కర్లేదు. తేనె కోసం గోరువంకలు, చిలకలు, పిగిలి పిట్టలు, పసుల పోలిగాళ్ళు వరస కడతాయి. కాసిన మర్రి, జువ్వి కూడా అంతే. నీలగిరి (యూకలిప్టస్) తోటల్లో, జీడి తోటల్లో ఎంతసేపు నిలబడ్డా పెద్దగా ఉండదు. పండు తక్కువ, గూటికి తొర్రలు తక్కువ, కింద పొద ఉండదు.

అడవిలో ఇరవై నిమిషాలు ఒక్క రెక్క కదలదు. ఇంతలో గుంపు వస్తుంది, రెండు నిమిషాల్లో పది పన్నెండు రకాలు కొమ్మలు దులుపుకుంటూ పోతాయి. తోక చివర రెండు తీగలు, తీగల కొసన గరిటెల్లాంటి ఈకలు ఉన్న పెద్ద ఏట్రింత తరచూ అందులో ఉంటుంది. గుంపు వెంట పరుగెత్తితే చెదిరిపోతుంది, వెళ్ళే వైపు చూసి ముందు ఆగాలి. ఈ ఏట్రింతే పుస్తకాలు చెడగొట్టేది కూడా. డేగ, పిగిలి పిట్ట, ఇంకా అడవిలో విన్నవాటి గొంతుల్ని అచ్చుగుద్దినట్టు దించేస్తుంది. ఒకే చెట్టు నుంచి అయిదు నిమిషాల్లో నాలుగు జాతుల కూతలు వచ్చాయని రాసుకున్నారంటే అనుమానించాల్సింది దాన్నే. ఇప్పటి ఫోన్లూ అక్కడే బోల్తా పడుతున్నాయి. జోరువానలో ఏ పిట్టా కూయదు. వాన వెలిసిన వెంటనే ఓ పావుగంట మాత్రం కొండంతా పలుకుతుంది. గొడుగు ముడిచేలోపు చెవులు సిద్ధంగా ఉండాలి.

తెల్ల చొక్కా వద్దు. ఆకుపచ్చో, మట్టి రంగో నిండు చేతులది వేసుకోవాలి, పొద్దు వాలకముందే దిగిపోవాలి, మన్యం దోమ మంచిది కాదు. పడమటి కనుమల్లో జలగలకి మేజోళ్ళ మీద ఉప్పో పొగాకో రాస్తారు, మా కొండల్లో పిడుదులు ఎక్కువ. ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగులు కురుపాం, సీతంపేట చుట్టుపక్కల తిరుగుతున్నాయి. ఏ గెడ్డ వైపు ఉన్నాయో ఊళ్ళో అడగందే అడుగు వేయకూడదు. ‘ఏటి బాబూ, పిట్టలకా? అటేపు ఎల్లకండి’ అంటే ఆ రోజుకి తిరిగి బస్సెక్కడమే. ఇంకోటి, ఫోనులో కూత పెట్టి పిట్టని రప్పించడం. తన హద్దులోకి ఇంకో మగది వచ్చిందనుకుని అది మేత మాని కొట్లాటకి వస్తుంది. గూడు దగ్గరైతే మరీ అన్యాయం.

కొండ దిగి టెక్కలి వైపు వస్తే లెక్క తలకిందులవుతుంది. తేలినీలాపురంలో చలికాలం అంతా గూడబాతులు, రంగురంగుల కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఊరూరా చెబుతారు కాని అవి మన దేశంలో నీళ్ళున్న చోట్ల మధ్య తిరిగేవే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానలతో పాటు నత్తగుల్ల కొంగలు దిగి చింతచెట్లు నింపేస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తని పట్టడానికి అది పనికొస్తుంది. పిల్లలకి ఆ సందు ఉండదు, పెరిగాకే వస్తుంది. ఇక్కడ బైనాక్యులర్ కూడా అక్కర్లేదు, పిట్ట అరుగు మీంచే కనిపిస్తుంది. కాని గొంతు లేదు. పెద్ద కొంగలకి కూత రాదు, ముక్కు రెండు దబ్బలూ టకటకా కొట్టుకోవడమే. చుక్కలూ గీతల పుస్తకాలు పట్టుకుని వచ్చినవాళ్ళు ఇక్కడ ఏం రాయాలో తెలీక పెన్సిలు చెవి మీద పెట్టుకునేవాళ్ళు. కొన్ని పాత పుస్తకాల్లో తేలుకుంచి పేజీ మీద ఉన్నది ఒకటే: రాత్రి వేళ, చింతచెట్టు చిటారు, ఒకే వరసలో పద్నాలుగు చుక్కలు, ఖాళీ మూడు కణుపులు, మళ్ళీ పద్నాలుగు.